నేను వద్దన్న రెండు బొమ్మలు

2023 నవంబరులో మా వారపత్రిక నన్ను మొదటిసారి తోలుబొమ్మలాటకు పంపింది. పొద్దున హిందూపురంలో బస్సెక్కి, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరి, అక్కడి నుంచి ఆటోలో ఒక పల్లెకు పోయాను. సంచిలో నోటుపుస్తకం, రెండు పెన్నులు, కళ్లద్దాలు. ఎప్పుడూ తీసుకెళ్లేవే. అయినా ఈ పని వేరు. సినిమా బాగాలేదని రాస్తే తీసినవాళ్లు నన్ను ఎరగరు. ఈ ఆట ఆడేవాళ్ల ఇంటికే పోయి, వాళ్ల చేతి మజ్జిగ తాగి, తర్వాత వాళ్ల మీద రాయాలి.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. మా పత్రికలో 'ఇంటిల్లిపాది' అనే శీర్షిక నాది. కొత్త సినిమా, టీవీలో పిల్లల కార్యక్రమం, జాతరలో నాటకం, ఏదైనా సరే, కుటుంబమంతా కలిసి కూర్చుని చూడవచ్చా లేదా అని రాస్తాను. నలభై ఐదేళ్లు వచ్చే దాకా నాకు అక్షరాలు రావు. అప్పట్లో హిందూపురంలో ఒక సినిమా హాలులో లేడీస్ గేటు దగ్గర టికెట్లు చించేదాన్ని. ప్రతి సినిమా గేటు దగ్గరి నుంచే పదిసార్లు చూసేదాన్ని కాబట్టి పిల్లలతో వచ్చిన తల్లులు నన్నే అడిగేవాళ్లు.

"ఏమ్మా, పిల్లోల్లను లోపలికి పిల్చుకపోవచ్చునా?"

"పోవచ్చు. ఇంటర్వెల్ అయినంక రెండో పాట రాంగానే బయటికి పిల్చుకొచ్చి మురుకులు కొనియ్యి. పాట అయిపోయినంక మళ్ల పో."

నా మొదటి రివ్యూలు అవే. తర్వాత వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చుకున్నాను. మా సంపాదకుడు శేషాద్రి సారు నా గేటు మాటలు ఎక్కడో విని, వాటినే రాసి పెట్టమని అడిగారు. మొదటి రివ్యూ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నా రాజకీయం దాచుకునేది కాదు. మాది సంప్రదాయం పక్షాన నిలబడే పత్రిక, నేనూ ఆ పక్షమే. పెద్దలను ఎగతాళి చేసి నవ్వించేది, పెళ్లిని తేలిక చేసి చూపించేది, దేవుణ్ణి వేళాకోళం చేసేది నా దగ్గర మంచి మాట సంపాదించుకోలేదు. అవతలి పక్షం పత్రికల వాళ్లు నన్ను 'మోరల్ పోలీసు' అని ఒకటి రెండుసార్లు రాశారు కూడా. యు సర్టిఫికెట్, అంటే అన్ని వయసులవాళ్లూ చూడవచ్చని సెన్సారు ఇచ్చే అనుమతి, దాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను. హాలులో వెనక వరసలో కూర్చుని, ముందున్న కుటుంబాలను చూస్తాను. ఏ మాట దగ్గర తల్లి చెయ్యి పిల్లవాడి కళ్ల మీదికి పోయిందో, ఏ పాట దగ్గర తండ్రి ఉత్తినే ఫోను తీశాడో నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకుంటాను. గేటు కాలం నుంచి నాకు ఒక్కటే నియమం. చివరి దాకా కూర్చుని చూడనిదాని గురించి ఎవరికీ హామీ ఇవ్వను.

ఆ సంవత్సరం మా సారుకు తెలిసిన ఒక ట్రస్టు వాళ్లు ఒక ఆలోచన చేశారు. వాళ్లకు హిందూపురం, పెనుకొండ, సోమందేపల్లి, ధర్మవరం, నాలుగు చోట్లా బడులున్నాయి. పిల్లలు ఫోన్లు పట్టుకుని మన కళలేవీ తెలియకుండా పెరుగుతున్నారు, అన్ని బడుల్లోనూ తోలుబొమ్మలాట పెట్టిద్దాం అన్నారు. అయితే తల్లిదండ్రులను కూడా పిలుస్తారు కాబట్టి, ముందు నేను చూసి 'చూడవచ్చు' అని రాయాలి. ట్రస్టు పెద్దాయన నా రాత మీదే అంత భారం పెట్టాక సంతోషం కన్నా భయమే ఎక్కువైంది.

ఆట ఆడే కుటుంబానికి పెద్ద హనుమక్క. నాకన్నా ఐదారేళ్లు చిన్నది. భర్త పోయాక కొడుకు గోవిందు, కోడలు, ఇంకో చుట్టంతో కలిసి ఆడుతోంది. ఆడగొంతులు ఎక్కువగా ఆమెవే, పాటంతా ఆమెదే. కూర్చోగానే తన కష్టం చెప్పేసింది.

"ఆట అడిగేవాళ్లు లేరక్కా. బెంగుళూరు ఆయన ఒకడు వస్తాండాడు. పాత బొమ్మలన్నీ ఇచ్చేయండి, గాజు బిళ్ల ఏసి గోడలకు పెట్టుకునేవాళ్లు ఉండారు అంటాడు. ఈ బడులు దొరికితే బొమ్మలు ఉంటాయి. దొరక్కపోతే గోడకెక్కుతాయి. అంతే."

పశువుల కొట్టానికి టార్పాలిన్లు కట్టి చీకటి చేసి, పొద్దున పది గంటలకు నా కోసం ఆడి చూపించారు. జనానికి ముందు ఇలా విడిగా చూపించడాన్ని సినిమా వాళ్లు ప్రివ్యూ అంటారు. నేను, నాకన్నా ముందే వచ్చిన శేషాద్రి సారు, ఇరుగుపొరుగు మగవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నాం. కథ పురాణంలోని ఒక యుద్ధం. తెల్లటి తెర మీద ఎరుపూ పచ్చా వెలుగుతూ బొమ్మలు కదులుతుంటే నోటుపుస్తకం తెరవడం మరిచిపోయాను. యుద్ధం మొదలయ్యే ముందు కథ ఆగి, రెండు హాస్యపు బొమ్మలు వచ్చాయి. బక్క మొగుడు, బొద్దు పెళ్లాం. వాళ్ల కొట్లాట పడక దాకా పోయింది. నేను ఆ మాటలు ఇక్కడ రాయను. మగవాళ్లు పడీ పడీ నవ్వారు. నేను కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వుతూనే నోటుపుస్తకంలో వరసగా గుర్తులు పెట్టాను.

బయటికి వచ్చాక సారు నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా, ఇది మన కళ. బాగుందని రాసేయండి. ఆ ముక్క ఊసెత్తకండి. మన ఆటను మనమే బూతు అంటే అవతలివాళ్లకు పండగే."

"సార్, ఇదే మాట సినిమాలో వస్తే నేనేం రాసేదాన్నో మీకు తెలుసు."

"సినిమా వేరు."

"తల్లి పక్కన కూర్చున్న బిడ్డకు వేరు కాదు సార్."

"అయితే ఆ ముక్క తీసేయమని చెప్పండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. అబద్ధం రాయనక్కరలేదు, హనుమక్కకు బడులు పోవు. వెంటనే లోపలికి పోయాను. ఆమె బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"హనుమక్కా, ఆట బంగారం. ఆ మొగుడూ పెళ్లాం ముక్క మాత్రం బడికి వద్దు."

ఆమె చేతులు ఆపి నా వైపు చూసింది. "ఆ మాటలు వొద్దా అక్కా, ఆ బొమ్మలు వొద్దా?"

"రెండూ వద్దు. ఆ బొమ్మలు తెర మీదికే రాకూడదు."

గోవిందు గబుక్కున లేచాడు. "అట్లయితే నడుమ ఎట్లమ్మా? అవి లేకుంటే..."

"ఉండ్రా. సదువుకున్న ఆమె చెప్తాంది, ఇను."

సదువుకున్న ఆమె! నా బతుకులో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. ఆ మాటకు ఉప్పొంగిపోయి, గోవిందు ఏం చెప్పబోయాడో అడగనే లేదు.

పత్రిక గురువారం వస్తుంది, పెనుకొండ బడిలో ఆట శనివారం. చూసి రాద్దామంటే ఆ వారం దాటిపోతుంది. ముక్క తీసేస్తామన్నారు కదా అనుకుని, ఆట జరగకముందే రాసేశాను. 'ఒక్క మాట కూడా తప్పు లేని ఆట. ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి.' ఇన్నేళ్లలో నా నియమం తప్పింది ఆ ఒక్కసారే.

శనివారం పెనుకొండ బడి హాలు కిటికీలన్నిటికీ నల్ల దుప్పట్లు కట్టారు. నేల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో తల్లులు. సోమందేపల్లి నుంచి కూడా కొందరు వచ్చారు. ట్రస్టు పెద్దాయన, శేషాద్రి సారు మొదటి వరసలో ఉన్నారు. నేను ఎప్పటిలాగే వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మొదటి ముప్పావుగంట పిల్లలు కదలలేదు. ఆ తర్వాత యుద్ధం రావాలి. తెర ఖాళీ అయింది.

ఖాళీగానే ఉంది. వెనక బల్బు వెలుగుతోంది, తెల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు. గుడ్డ వెనక దడదడ చప్పుడు, వెదురు బద్దలు తగిలిన చప్పుడు. హనుమక్క పాట ఎత్తుకుంది. ఒక చరణం, రెండు చరణాలు. తెర మీద ఏమీ రాలేదు. పిల్లలు గుసగుసలాడారు. ఎవరో ఈల వేశారు. ఒక టీచరు "ష్!" అంటూ లేచింది. హనుమక్క మూడో పాట ఎత్తుకుంది. నడుమలో ఆమె గొంతు పగిలింది. దగ్గి, మళ్లీ పాడబోయింది. నా ముందున్న ఒక చిన్నపిల్ల వాళ్లమ్మను అడిగింది: "అయిపోయిందా మా? పోదామా?"

ఆ తల్లి లేచింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు లేచారు. తలుపు తెరిచిన ప్రతిసారీ వెలుతురు పడి తెర పాలిపోయింది. చివరికి యుద్ధం వచ్చేసరికి సగం హాలు లేదు. ఉన్న పిల్లలు కూడా చెప్పులు వెతుక్కుంటున్నారు. పగిలిన గొంతుతోనే ఆమె యుద్ధమంతా ముగించింది.

సోమందేపల్లి నుంచి వచ్చిన ఒకామె గుమ్మం దగ్గర నన్ను గుర్తుపట్టింది. "నువ్వు రాసినావని కూలి పని మానుకుని వచ్చినామమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు.

ట్రస్టు పెద్దాయన సారుతో అన్న మాట నాకు వినబడింది. "ఈ కాలం పిల్లలకు ఇది ఎక్కదయ్యా. మిగతా బడుల్లో వద్దులే."

సారు తల ఊపారు. "ఫోన్లు పాడు చేశాయి సార్ పిల్లలను. దాని మీదే ఈ వారం రాస్తాను."

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తప్పు ఆటది, పిల్లలది, ఫోన్లది అయింది. తెర వెనక హనుమక్క బొమ్మలు చుట్టుకుంటోంది. ఒక్క మాట అంటే చాలు, 'ఈమె తీసేయమంటేనే తీసినాం' అంటే చాలు, నా పరువు పోయేది. ఆమె అనలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆమెను పలకరించకుండానే హిందూపురం బస్సెక్కాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. తప్పు నాది అని తెలుసు గాని, ఏం జరిగిందో నాకే సరిగ్గా అర్థం కాలేదు. ఒక్క ముక్క తీస్తే ఆట మొత్తం ఎందుకు కూలింది? మంగళవారం పొద్దున మళ్లీ ఆ పల్లెకు పోయాను. హనుమక్క గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నన్ను చూసి మంచం వాల్చింది.

"యుద్ధం బొమ్మలు పెద్దవి అక్కా. కాళ్లు, చేతులు విడివిడిగా ఉంటాయి. బద్దలకు కట్టేదానికి నలుగురికీ చేతినిండా పని. ఆ ఇద్దురూ తెర మీద కొట్లాడతాంటే, ఎనక మేం కట్టుకుంటాం. మొగుని మాటలు గోవిందువి. పెళ్లాం మాటలు కోడలివి. నా గొంతుకు అదే రెస్టు. నా మామ కాలం నుంచి అంతే."

"నాకు చెప్పాల్సింది హనుమక్కా. మాటలు మంచివి కావు, పిల్లలు కదా అని నేను..."

"నేనూ అడిగితిని గదా, మాటలు వొద్దా, బొమ్మలు వొద్దా అని." ఆమె గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు మా కొట్టంలో ఎవురు కూర్చున్యారు? నువ్వు, ఆ సారు, మొగోల్లు, ముసలోల్లు. పిల్లోల్లంతా బడికి పోయినారు. పెద్దోల్లు కూర్చుంటే పెద్దోల్ల ముక్క ఆడతాం. పిల్లోల్లు కూర్చుంటే ఆ ఇద్దురే సంగటి కుండ కాడ కొట్లాడతారు. నాకెంత, నీకెంత అని. మొదులుపెట్టే ముందర తెర పక్కనుంచి తొంగి సూస్తా. ఎవురుండారో సూసుకోకుండా నోరు తెరుస్తామా?"

నేను సంచిలోంచి తీసిన నోటుపుస్తకం మూసేశాను.

"ఊర్లో తెల్లార్లూ ఆడేటప్పుడు పెద్దోల్ల ముక్క బాగా పొద్దు పోయినంకే వస్తుంది," అంది ఆమె. "అప్పటికి పిల్లోల్లు తల్లి ఒళ్లో నిద్రపోయుంటారు. ఒక్కడు మేలుకొని ఉన్యా మా మామ ఆ ముక్క ఆడనిచ్చేటోడు కాదు. నీకన్నా గట్టోడు ఆయన."

సినిమా హాలులో ముప్పై ఏళ్లు గడిపిన నాకు ఈ సంగతి తట్టనే లేదు. సినిమా ఎవరు కూర్చున్నా ఒకటే. ఖాళీ కుర్చీలకూ అదే పాట వస్తుంది. ఈ ఆట ముందున్నవాళ్లను చూసి నడుస్తుంది. పిల్లల ఆట చూడడానికి పిల్లలు బడికి పోయిన వేళ పోయి, పెద్దల ఆట చూసి, దాన్ని కోశాను.

"పెద్దాయనకు ఎందుకు చెప్పలేదు నువ్వు? నేనే వద్దన్నానని?"

"చెప్తే నీ రాత పోతాది గదా. వయసు మీద పడినంక నేర్చుకున్యావంట, గోవిందు చెప్పినాడు. మాకెట్లా పోయింది. నీది కూడా ఎందుకు?"

ఇంకొక్కటి అడిగాను. "ఆ రెండు బొమ్మలు ఒకసారి చూపిస్తావా?"

"యాడున్నాయి? నిన్న బెంగుళూరు ఆయన వచ్చినాడు. బడికి పనికిరావన్యావు గదా, ముందు వాటినే ఇచ్చేసినాం. మా మామ కోసిన బొమ్మలు. మిగిలినవాటికి వచ్చే వారం వస్తానన్యాడు."

వచ్చే వారం. అంటే ఏం రాసినా ఈ గురువారం పత్రికలోనే రావాలి. ఆ తర్వాత వచ్చినా లాభం లేదు. ధర్మవరం బస్టాండులో కూర్చుని రాశాను. తొందరలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చూడకుండా హామీ ఇచ్చానని రాశాను. ఆటలో ఒక ముక్క నేనే తీయించానని, అందుకే పెనుకొండలో తెర ఖాళీ అయిందని, పిల్లల తప్పు గానీ ఆడినవాళ్ల తప్పు గానీ లేదని రాశాను. పిల్లల ముక్క వేరు, పెద్దల ముక్క వేరు అని, ఏది ఎప్పుడు ఆడతారో కూడా రాశాను.

శేషాద్రి సారు దాన్ని రెండుసార్లు చదివారు.

"అమ్మా, ఇది వేస్తే మీ శీర్షికను ఎవరు నమ్ముతారు? పైగా మన ఆటలో పెద్దల ముక్క ఉందని మనమే ఒప్పుకున్నట్టు. అవతలివాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు సార్. కానీ మీరు ఫోన్ల మీద రాసింది వేస్తే, ఆ బొమ్మలు వచ్చే వారం పోతాయి. మన పెద్దలు కాపాడుకొచ్చిన దాన్ని మనమే అమ్మించినట్టు."

"మీ పేరు లేకుండా వేద్దామా?"

"వద్దు సార్. 'చూడండి' అని రాసినప్పుడు నా పేరుంది కదా."

ఆయన తన వ్యాసం తీసి పక్కన పెట్టి, నాది ఆ చోట పెట్టారు. ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు. ఆ విషయంలో ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

గురువారం పగలంతా ఫోను మోగుతూనే ఉంది. ఇద్దరు పాఠకులు తిట్టారు. అవతలి పక్షం వాళ్ల పత్రిక తర్వాత నిజంగానే నవ్వింది. శుక్రవారం ట్రస్టు పెద్దాయన ఫోను చేశారు. "ధర్మవరం బడిలో ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి ఏదీ కోయించొద్దు," అన్నారు. బెంగుళూరు ఆయనను గోవిందు ఆగమన్నాడు.

ధర్మవరంలో ఆట మొదలయ్యే ముందు తెర పక్క గుడ్డ కొంచెం తొలగింది. హనుమక్క ముఖం కనబడి, పిల్లలందరినీ ఒకసారి చూసి మాయమైంది. అమ్మేసిన బొమ్మల చోట దాయాదుల ఇంటి నుంచి వేరే జత అడిగి తెచ్చుకున్నారు. సంగటి కుండ దగ్గర మొగుడూ పెళ్లాం కొట్లాట మొదలైంది. ముందు వరస పిల్లలు ఎవరికెంత పెట్టాలో అరిచి చెప్పారు. నేను తెర వైపు కాకుండా తల్లుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్క చెయ్యి కూడా పిల్లల కళ్ల మీదికి పోలేదు. వెనక బద్దలు కడుతున్న చప్పుడు ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు, వింటున్న నాకు తప్ప. యుద్ధం వేళకు వచ్చింది.

ట్రస్టు వాళ్లు మూడు బడుల్లో ఆట పెట్టించారు. హిందూపురం బడి హెడ్మాస్టరు మాత్రం ఒప్పుకోలేదు. నా రెండో వ్యాసం చదివాక ఆయనకు అనుమానం పోలేదట. ఆయన్ను నేను తప్పుపట్టను.

నా అభిప్రాయాలు మారలేదు. బిడ్డల ముందు ఆడకూడని మాట ఆడకూడనిదే అని ఇవాళా రాస్తాను. నచ్చకపోతే నచ్చలేదని, ఫలానా వయసు పిల్లలను తీసుకెళ్లవద్దని రాస్తాను. కానీ ఏ ఆటనూ కోయమని మళ్లీ అడగలేదు. పాతదాన్ని నిలబెట్టాలని బయలుదేరినదాన్ని, పాతవాళ్లు పిల్లల సంగతి నాకన్నా ముందే ఆలోచించి ఉంటారని తలచలేదు. ఇప్పుడు ఏ ఆట మీదైనా రాసే ముందు ఆడేవాళ్లను అడుగుతాను: ఇది ఎవరి ముందు ఆడతారు, ఏ వేళకు ఆడతారు, ఈ ముక్క ఇక్కడ ఎందుకుంది? జవాబు పూర్తయ్యే దాకా పెన్ను తీయను.

గోవిందు మేకతోలు గీకి కొత్త జత కోశాడు. మొగుడి ముక్కు కుదరలేదని హనుమక్క ఇప్పటికీ సణుగుతుంది. "మా మామ చేతి ముక్కు వేరక్కా. అది తెర మీదికి రాంగానే, మాట రాకముందే నవ్వేటోల్లు," అంటుంది. ఆ ముక్కు ఇప్పుడు ఏ ఊళ్లో, ఎవరి గోడ మీద ఉందో మా ఇద్దరికీ తెలియదు.